ఫోన్ జేబులో పెట్టేసినా పని ఆగకూడదు: గంటల తరబడి నడిచే కమాండ్లు, వాటి లాగ్‌లు

పెనుగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒకే సంగతి. ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని, ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్ళి, రెండు మూడు గంటలు పట్టే పని ఒకటి మొదలుపెడతారు. బస్సెక్కి సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వెళ్ళేలోపు ఎక్కడో సిగ్నల్ పోతుంది. మళ్ళీ కనెక్ట్ అయి చూస్తే పని సగంలో చచ్చిపోయి ఉంటుంది. ఎందుకు పోయిందో చెప్పే ఆధారం కూడా ఉండదు. ఇదేంటో చూద్దాం.

ఒక పని ఉదాహరణగా పెట్టుకుందాం. ఇంట్లో తాతగారి పాత తెలుగు పుస్తకం ఉంది, 400 పేజీలు. ఫొటోలు తీశారు. వాటిని అక్షరాలుగా మార్చాలి. దీనికి టెసరాక్ట్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ళు 1980లలో మొదలుపెట్టి, 2005లో అందరికీ ఇచ్చేశారు. తెలుగు కూడా చదువుతుంది, భాష దగ్గర టి ఇ ఎల్ అని ఇస్తే చాలు. పేజీకి ఇరవై సెకన్లు అనుకోండి, 400 పేజీలకు 8,000 సెకన్లు. అంటే రెండుంబావు గంటలు. అంతసేపు ఫోన్ పట్టుకుని కూర్చోలేం కదా!

అసలు సిగ్నల్ పోతే సర్వర్‌లో పని ఎందుకు ఆగాలి? సర్వర్‌కి కరెంటుంది, నెట్టుంది. ఆగడానికి కారణం పాత అలవాటండి. ఒకప్పుడు టెర్మినల్స్ ఫోన్ లైను మీద, మోడెమ్‌తో కలిసేవి. ఫోన్ పెట్టేస్తే మనిషి వెళ్ళిపోయాడని లెక్క. వెంటనే ఆ టెర్మినల్ కింద నడిచే పనులన్నిటికీ 'హ్యాంగప్' అని ఒక సిగ్నల్ వెళ్ళేది, అంటే లైను కట్టయింది, సర్దుకోండి అని. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. మీ ఎస్ఎస్‌హెచ్ తెగిందని సర్వర్‌కి తెలియగానే, మీ పనికి ఆ కబురే అందుతుంది. ఆ కబురు వస్తే ఏం చెయ్యాలో ప్రత్యేకంగా రాసుకోని ప్రోగ్రామ్ ఏదైనా అక్కడికక్కడే ఆగిపోతుంది.

దీనికి పాత మందు 'నోహప్'. కమాండ్ ముందు ఈ మాట పెట్టి, చివర యాంపర్‌సాండ్ గుర్తు వేస్తే, హ్యాంగప్ కబురును ఆ పని పట్టించుకోదు. బాగానే పనిచేస్తుంది. కానీ ఆ పని దగ్గరికి మళ్ళీ వెళ్ళి కూర్చోలేరు. మధ్యలో అది 'ఎస్సా? నోనా?' అని అడిగితే జవాబు చెప్పే దారి లేదు.

నేనైతే 'టీమక్స్' వాడమంటాను. దీనికంటే ముందు 1987 నుంచీ 'స్క్రీన్' అనే ప్రోగ్రామ్ ఉంది, టీమక్స్ 2007లో వచ్చింది. రెండూ చేసేది ఒకటే. సర్వర్‌లోపలే ఒక గది కట్టి, మీ పనిని అందులో కూర్చోబెడతాయి. మీ ఫోన్ ఆ గదికి కిటికీ మాత్రమే. కిటికీ మూసినా లోపల పని నడుస్తూనే ఉంటుంది. కమాండ్ స్పెల్లింగ్ స్క్రీన్ మీద వేశాను, చూడండి: టీమక్స్ న్యూ, మైనస్ ఎస్, తర్వాత గదికి పేరు. నేను 'పుస్తకం' అని పెట్టాను. పని మొదలుపెట్టి, కంట్రోల్ బి నొక్కి వదిలి, డి నొక్కండి. బయటికి వచ్చేస్తారు. రాత్రి ఇంటికెళ్ళి టీమక్స్ అటాచ్, మైనస్ టి, పుస్తకం అంటే మళ్ళీ అక్కడే ఉంటారు. ఫోన్ కీబోర్డులో కంట్రోల్ ఏదండీ అంటారేమో. టెర్మక్స్‌లో అక్షరాల పైన ఒక వరుస ఉంటుంది, అందులో ఉంది. వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకున్నా కంట్రోల్ లాగే పనిచేస్తుంది.

సరే, పని బతికింది. ఇప్పుడు లాగ్ సంగతి. లాగ్ అంటే చిన్నప్పుడు తొడుక్కున్న లాగూ కాదండోయ్! పని చేస్తూ ప్రోగ్రామ్ చెప్పే కబుర్ల చిట్టా. ఈ చిట్టా తెర మీద పారిపోతూ ఉంటే లాభం లేదు, ఫైల్‌లో పడాలి. ఇక్కడ చాలామంది చేసేది గ్రేటర్‌దేన్ గుర్తు పెట్టి ఫైల్ పేరు ఇవ్వడం. అలా చేస్తే సగమే పడుతుంది. ఎందుకంటే ప్రోగ్రామ్‌కి రెండు నోళ్ళు. ఒకటి ఫలితాలు చెప్పేది, రెండోది తప్పులూ హెచ్చరికలూ చెప్పేది. టెసరాక్ట్ తన గొడవంతా రెండో నోటితోనే చెబుతుంది. అందుకే చివర 'రెండు, గ్రేటర్‌దేన్, యాంపర్‌సాండ్, ఒకటి' అని ఖాళీ లేకుండా రాయాలి. రెండో నోటి మాట కూడా మొదటి దాని వెంటే పోనివ్వమని అర్థం.

తెర మీదా కనిపించాలి, ఫైల్‌లోనూ పడాలి అంటే 'టీ' ఉంది. తాగే టీ కాదు, ప్లంబర్ దగ్గర దొరికే టీ. నీటి పైపును రెండుగా చీల్చే ముక్క ఉంటుంది చూడండి, పేరు అక్కడిదే. ఒక్క జాగ్రత్త. పైపులో టీ చివర ఉంటే, షెల్ మీకు చెప్పే జయాపజయం టీది, అసలు పనిది కాదు. పని ఫెయిలయినా టీ బాగుంటే 'అంతా ఓకే' అంటుంది. బ్యాష్‌లో మొదట 'సెట్, మైనస్ ఓ, పైప్‌ఫెయిల్' అని కొట్టుకుంటే ఈ మోసం ఉండదు.

ఇంకోటి, దీని గురించి ఎవరూ చెప్పరు. మీరే పైథాన్‌లో స్క్రిప్ట్ రాసి, లాగ్ ఫైల్‌కి పంపారు. అరగంటయినా ఫైల్ ఖాళీ. పని ఆగిందనుకుని చంపేస్తారు. నిజానికి అది బ్రహ్మాండంగా నడుస్తోంది! తెరకు రాసేటప్పుడు పైథాన్ లైను లైనుకీ పంపుతుంది. ఫైల్‌కి రాసేటప్పుడు మాత్రం కొన్ని వేల అక్షరాలు పోగయ్యాక ఒకేసారి దింపుతుంది, లారీ నిండాక బయల్దేరినట్టు. మీరు చంపితే లారీలో ఉన్న సరుకు కూడా పోతుంది, చివరి కబుర్లు ఏమిటో ఎప్పటికీ తెలియవు. పైథాన్‌కి మైనస్ యు ఇవ్వండి, ఎప్పటికప్పుడు రాస్తుంది.

రెండుంబావు గంటలు అయ్యాయి. ఫైల్ తెరిచారు, వందల లైన్లు. మొత్తం చదవాలా? ధవళేశ్వరం బ్యారేజీ గుర్తు చేసుకోండి. వరదల్లో అక్కడ నీటిమట్టం రాసుకుంటూనే ఉంటారు. మన డెల్టాలో అందరూ అడిగేది మాత్రం మూడు గీతల గురించే. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మిగతా అంకెలు రికార్డులో ఉండాలి, అంతే. లాగ్ కూడా అలాగే చూడాలి. 'గ్రెప్' అనే కమాండ్ మీరు అడిగిన మాట ఉన్న లైన్లే తీసి చూపిస్తుంది.

కానీ ఏ మాట అడగాలి? అందరూ 'ఎర్రర్' అని వెతికి, లేదు కాబట్టి బాగుంది అనుకుంటారు. టెసరాక్ట్ ఒక పేజీలో అక్షరాలేవీ పట్టుకోలేకపోతే ఎర్రర్ అనదు. 'ఎంప్టీ పేజ్' అంటుంది, పక్కన రెండు ఆశ్చర్యార్థకాలతో. ఫొటో మసగ్గా ఉన్నా ఇదే రావచ్చు. మరోపక్క ఫొటోలో డీపీఐ వివరం లేకపోతే 'ఇన్‌వ్యాలిడ్ రిజల్యూషన్' అని ప్రతి పేజీకీ నస పెడుతుంది. దానికి చాలాసార్లు ప్రమాదమేమీ లేదు. కాబట్టి గ్రెప్‌కి మైనస్ వి ఇచ్చి ఆ నస తీసెయ్యండి, మిగిలింది చదవండి. 400 ఫొటోల్లో ఒక్కటి కూడా చెడిపోకుండా ఉందో లేదో తెలియాలంటే లాగ్‌ను మాత్రమే నమ్మకండి. తయారైన ఫైళ్ళు లెక్కపెట్టండి. 'ఫైండ్' కమాండ్‌తో ఖాళీగా లేదా దాదాపు ఖాళీగా ఉన్నవి వెతకండి. 397 పేజీలే నిజంగా వచ్చాయనుకోండి. ఇప్పుడు పట్టుకుంటే మూడు ఫొటోలు మళ్ళీ తీస్తే సరిపోతుంది. ఏడాది తర్వాత, పుస్తకం చెదలు తిన్నాక తెలిస్తే ఎక్కణ్ణించి తెస్తారు?

పని నడుస్తుండగా చూడాలంటే 'టెయిల్, మైనస్ ఎఫ్'. చివరి లైన్లు వస్తూ ఉంటాయి. ఫోన్‌లో ఇది చూడ్డం సరదాగా ఉంటుంది గానీ, అనవసరంగా డేటా తింటుంది. చివరి ఇరవై లైన్లు చూసి బయటికి రండి.

లాగ్ మొత్తం ఏఐ చాట్‌లో అతికించేవాళ్ళూ ఉన్నారు. నాకది నచ్చదు. లాగ్‌లో పాస్‌వర్డ్‌లు, కీలు కూడా పడుతుంటాయి, అది ఒకటి. పైగా పొడుగాటి లాగ్‌లో అసలు తప్పు మునిగిపోతుంది. చాలాసార్లు మొదటి తప్పే అసలుది, తర్వాతవి దాని పిల్లలు. గ్రెప్‌కి 'మైనస్ ఎమ్ ఒకటి, మైనస్ బి ఇరవై' ఇస్తే మొదటి తప్పు, దానికి ముందు ఇరవై లైన్లు వస్తాయి. అవి చదివి, రహస్యాలేమీ లేవని చూసుకుని, అప్పుడు ఎవర్నయినా అడగండి.

డిస్క్ నిండిపోతే నడుస్తున్న పని లాగ్‌ను 'ఆర్ఎమ్'తో తీసెయ్యకండి. పేరు పోతుంది గానీ, ఆ పని ఫైల్‌ను పట్టుకునే ఉంటుంది కాబట్టి జాగా తిరిగి రాదు. మొదట్లోనే రెండు గ్రేటర్‌దేన్ గుర్తులతో రాయిస్తే, తర్వాత 'ట్రంకేట్, మైనస్ ఎస్, సున్నా' అని నిక్షేపంగా ఖాళీ చేసుకోవచ్చు.

సర్వర్ లేదండీ, అంతా నా ఫోన్‌లోనే చేస్తాను అంటే అది వేరే పేచీ. తెర ఆరగానే ఆండ్రాయిడ్ నిద్రపోదామని చూస్తుంది. పని ముందు 'టెర్మక్స్ వేక్ లాక్' కొట్టండి. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు పుట్టించే చిన్న ప్రాసెస్‌లు అన్నీ కలిపి 32 దాటితే కొన్నిటిని సిస్టమే చంపేస్తుంది, టీమక్స్ గది కూడా దీన్ని ఆపలేదు. కొత్త ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లో 'చైల్డ్ ప్రాసెస్ రెస్ట్రిక్షన్స్' ఆపే స్విచ్ ఉంటుంది, చూడండి. ఛార్జర్ పెట్టి ఉంచండి, పని అయ్యాక 'టెర్మక్స్ వేక్ అన్‌లాక్' కొట్టడం మర్చిపోకండి, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.