విశాఖ కొండ ఎక్కబోయే మనవాళ్లకు

సెలవుల్లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నం వెళ్లే మన కుటుంబాలకు కైలాసగిరి మెట్లు ఎక్కాలని ముచ్చట. పైనుంచి ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు పచ్చని కొండలు కనిపిస్తాయి. తప్పక చూడవలసినదే.

ఆ కొండ ఎత్తు సుమారు 170 మీటర్లు. మన షోలాపూర్ సముద్ర మట్టానికి 450 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఆ శిఖరం కూడా మన గడప కన్నా కిందే! మరి ఆయాసం ఎందుకు? నిటారు దారి ఒక కారణం, ఉక్కపోత మరొకటి.

40 డిగ్రీల ఎండ చూసినవాళ్లం, ఇదొక లెక్కా అనుకోవద్దు. మన పొడి గాలిలో చెమట వెంటనే ఆరుతుంది. ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో ఉతికిన చద్దరు ఆరనట్టే అక్కడ చెమటా ఆరదు. వేడి ఒంట్లోనే నిలిచిపోతుంది.

విశాఖలో మనకన్నా దాదాపు అరగంట ముందే తెల్లవారుతుంది. వెలుగు రాగానే బయలుదేరి, ఎండ ముదరక ముందే దిగిరండి. దాహం వేయకముందే నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. దిగేటప్పుడు మోకాళ్లపై భారం ఎక్కువ. మగ్గం దగ్గర గంటల తరబడి నిలబడి కాళ్లు అరిగినవారు మెల్లగా అడుగు వేయాలి. గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దలకు పైదాకా రోడ్డు ఉంది. బండిలో వెళ్లడం చిన్నతనం కాదు.

ఎవరికైనా తల తిరిగినా, మాట తడబడినా నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి విసరండి. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. సముద్రం రేపు కూడా అక్కడే ఉంటుంది.