స్కూల్ బస్సులో కూడా కరగని కేక్ పాప్స్



పుట్టినరోజుకు క్లాసులో ఏం పంచమంటారు అని డైరీలో రాసే పేరెంట్స్ ప్రతి నెలా ఉంటారు. ఈ మధ్య ఆ ప్రశ్నకు పిల్లలే ముందుగా జవాబు చెప్పేస్తున్నారు: “కేక్ పాప్స్ టీచర్!” పుల్ల చివర చిన్న నిమ్మకాయంత కేకు ఉండ, దాని చుట్టూ చాక్లెట్ పూత, పైన రంగురంగుల స్ప్రింకిల్స్. వీడియోలో చూస్తే ముచ్చటగా ఉంటుంది. బేకరీలో ఒక్కోదానికి చెప్పే ధరను క్లాసులో ఉన్న నలభై మందితో గుణిస్తే మాత్రం గుండె ఝల్లుమంటుంది.

ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు. సున్నుండలు చుట్టడం తెలిసిన ఇంట్లో సగం పైగా పని వచ్చినట్టే. అయితే వీడియోలు చెప్పని సంగతి ఒకటుంది. అవి చేసేవాళ్ల ఇల్లు ఏసీలో ఉంటుంది, చేసింది అక్కడే తినేస్తారు. మన పిల్లల్లో చాలామంది దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కుతారు. ఏడింటికి బ్యాగులో పెట్టిన డబ్బా లంచ్ బెల్ కొట్టాక పన్నెండున్నరకు గానీ తెరుచుకోదు. ఐదు గంటలకు పైగా! డబ్బా తెరిచేసరికి ఉండలన్నీ ఒకదానికొకటి అతుక్కుని, పుల్లలు ఊడి, పుట్టినరోజు పిల్ల కళ్లలో నీళ్లు తిరగడం మా స్టాఫ్‌లో చూడనివాళ్లు లేరు. అందుకే ఎక్కడ పని తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించుకోకూడదో రాస్తున్నాను.

నిజానికి కేక్ పాప్ అనేదే ఒక షార్ట్‌కట్. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చెందిన ఆంజీ డడ్లీ 2008 ప్రాంతంలో వీటిని బాగా ప్రచారంలోకి తెచ్చారు, 2010లో వీటి మీదే పుస్తకం వేశారు. ఆవిడ పద్ధతిలో కేకు ప్యాకెట్ మిక్స్‌తో చేసిందే, క్రీమ్ డబ్బాలో కొన్నదే. కేకును పొడి చేసి, క్రీమ్ కలిపి, ఉండలు చుట్టి, కరిగించిన పూతలో ముంచడమే. కాబట్టి ఓవెన్ లేదని, కేకు చేయడం రాదని వెనకాడకండి. మన ఇళ్లలో కేకు బదులు బిస్కెట్లు వాడవచ్చు.

బిస్కెట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2025 జూన్ 29 నాటి మన్ కీ బాత్‌లో ప్రధాని మన భద్రాచలం మహిళల గురించి మాట్లాడారు. ఒకప్పుడు పొలం పనులకు వెళ్లిన మహిళలు స్వయం సహాయక సంఘంలో చేరి, శిక్షణ తీసుకుని, చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారు. పేరు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’. హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళుతున్నాయని ఆయన చెప్పారు. అలాంటి మిల్లెట్ బిస్కెట్లు దొరికితే ఈ వంటకు చక్కగా పనికొస్తాయి. చిరుధాన్యాల పిండి కాస్త బరకగా ఉంటుంది కాబట్టి పొడి ముద్ద కాదు, ఉండకు నమిలే గుణం వస్తుంది. దొరక్కపోతే మారీ లాంటి సాదా బిస్కెట్లు చాలు. చాక్లెట్ క్రీమ్ బిస్కెట్లు మాత్రం నేను వద్దంటాను. లోపలి క్రీమ్ తీపి, బయటి పూత తీపి కలిసి రెండో ముక్కకే మొహం మొత్తుతుంది.

కొలతలు పదిహేను పాప్స్‌కి చెబుతున్నాను. క్లాసు మొత్తానికైతే మూడింతలు చేసుకోండి. బిస్కెట్లు 200 గ్రాములు, తియ్యని కండెన్స్‌డ్ మిల్క్ 100 గ్రాములు, అంటే సుమారు ఐదు టేబుల్ స్పూన్లు, కోకో పౌడర్ ఒక టేబుల్ స్పూన్, చిటికెడు ఉప్పు. ఉప్పు మరిచిపోవద్దు, చాక్లెట్ రుచిని పైకి తెచ్చేది అదే. బిస్కెట్లను మిక్సీలో ఆపి ఆపి తిప్పితే బొంబాయి రవ్వలా వస్తాయి. పిల్లలతో చేయించాలంటే మందపాటి కవర్‌లో వేసి చపాతీ కర్ర చేతికివ్వండి. ఈ పని వాళ్లు ఎంత ఇష్టంగా చేస్తారో చూడండి.

కండెన్స్‌డ్ మిల్క్ ఒకేసారి పోయవద్దు. ముందు ముప్పావు వంతు వేసి కలిపి, సున్నుండకు నెయ్యి చాలిందో లేదో ఎలా చూస్తారో అలాగే చూడండి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, విరిస్తే రెండు ముక్కలవ్వాలి గానీ పొడిగా రాలకూడదు, చేతికి అంటుకోకూడదు. పుల్ల నుంచి ఉండ జారిపోయిందని చెప్పే పేరెంట్స్‌ని అడిగితే చాలాసార్లు తడి ఎక్కువైందనే తేలుతుంది. ఇంట్లో మిగిలిన బర్త్‌డే కేకుతో చేస్తుంటే మరీ జాగ్రత్త. కేకులో అప్పటికే తడి ఉంటుంది, 250 గ్రాముల కేకుకు రెండు మూడు స్పూన్లే ఎక్కువ. పైన ఉన్న క్రీమ్ గీకేసి లోపలి కేకు మాత్రమే వాడండి.

ఒక్కో ఉండ 20 గ్రాములకు మించకూడదు. వంటింట్లో కాటా ఉంటే మొదటి రెండూ తూచి చూసుకోండి, తర్వాత చెయ్యే చెబుతుంది. ముద్దుగా ఉందని పెద్దది చేస్తే పుల్ల ఆ బరువు మోయలేదు.

ఉండలు చుట్టాక ఫ్రిజ్‌లో అరగంట పెట్టాలి. ఈ అరగంట తగ్గించకండి. తర్వాత పుల్ల కొసను కరిగిన చాక్లెట్‌లో అద్ది, ఉండలో సగం లోతు వరకు గుచ్చి, మళ్లీ పది పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ కొస చాక్లెట్ గట్టిపడి జిగురులా పట్టుకుంటుంది. తొందరగా అవుతుందని కొందరు ఫ్రీజర్‌లో పెట్టేస్తారు. గడ్డకట్టిన ఉండను వేడి చాక్లెట్‌లో ముంచితే పూత వెంటనే బిగుసుకుంటుంది, తర్వాత లోపలి ఉండ మామూలు వేడికి వచ్చి కొద్దిగా ఉబ్బుతుంది, పూత పగిలి చీలిక పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండను కూడా ఐదు నిమిషాలు బయట ఉంచి ముంచడం మంచిది.

ఇక పూత సంగతి. దుకాణంలో రెండు రకాలు దొరుకుతాయి, రేపర్ల మీద బొమ్మలు చూసి తేడా కనిపెట్టలేం. వెనక పదార్థాల జాబితా చదవండి. కొవ్వు కింద కోకో బటర్ మాత్రమే ఉంటే అది అసలు చాక్లెట్. పామ్ లేదా ఇతర వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్. అసలు చాక్లెట్‌లోని కోకో బటర్ గట్టిపడేటప్పుడు రకరకాల స్ఫటికాలుగా మారగలదు. వాటిలో సరైన రకం ఏర్పడితేనే మెరుపు, టక్కున విరిగే గుణం వస్తాయి. అందుకోసం డార్క్ చాక్లెట్‌ను సుమారు 45 డిగ్రీల దాకా వేడి చేసి, 27 దాకా చల్లార్చి, మళ్లీ 31కి తేవాలి. దీన్నే టెంపరింగ్ అంటారు. థర్మామీటర్ లేకుండా చేస్తే మర్నాటికి పూత మీద తెల్లటి చారలు తేలతాయి. అది బూజు కాదు, పైకొచ్చిన కొవ్వు. తినవచ్చు, కానీ క్లాసులో పంచడానికి బాగుండదు. కాంపౌండ్‌కు ఈ బాధ లేదు. కరిగించి ముంచితే చాలు.

కాబట్టి ఈ వంటకు కాంపౌండే నా ఓటు. కానీ అది ఎండకు కరగదని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరిగితే, కాంపౌండ్ దానికి కాస్త అటూఇటూగా మెత్తబడుతుంది. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం ఎండల ముందు రెండూ ఒకటే! ఇంకో మాట. పాతకాలపు హైడ్రోజనేటెడ్ కొవ్వుల్లో ఉండే ట్రాన్స్ ఫ్యాట్‌ను మన దేశంలో 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేశారు. అయినా బ్రాండ్ పేరు, జాబితా లేని లూజ్ కాంపౌండ్ తెచ్చుకోకండి.

ఈ రెండు కొవ్వుల చెట్లూ మనకు దగ్గర్లోనే ఉన్నాయని పిల్లలకు చెప్పండి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటల మధ్యలోంచి కారులో వెళ్లే ఉంటారు. ఆ తోటల్లోనే కొన్నిచోట్ల నీడన కోకో వేస్తారు. బొప్పాయి ఆకారంలో ఉండే కాయ కొమ్మకే కాదు, కాండానికి కూడా కాస్తుంది. లోపలి గింజలను తెల్లటి గుజ్జుతో సహా కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తే గానీ చాక్లెట్ వాసన రాదు. హైదరాబాద్‌లో 2023లో మొదలైన ‘మనం చాక్లెట్’ వాళ్లు పశ్చిమ గోదావరి కోకోతోనే చేస్తున్నారు. చాక్లెట్ విదేశాల నుంచే వస్తుందనుకునే పిల్లలకు ఈ సంగతి కొత్త. పరీక్షలయ్యాక ఒక తోట చూపించగలిగితే ఇంకా మంచిది.

పూతకు 200 గ్రాముల కాంపౌండ్, ఒక టీ స్పూన్ కొబ్బరి నూనె. నూనె వేస్తే పూత పలచబడి సమంగా పడుతుంది. ముక్కలు చేసి గిన్నెలో వేసి, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించండి, కింది నీళ్లు పై గిన్నెకు తగలకూడదు. మైక్రోవేవ్‌లో అయితే ముప్పై సెకన్లకోసారి తీసి కలపాలి. గిన్నె, గరిటె పూర్తిగా పొడిగా ఉండాలి. చాక్లెట్‌లో నీరు దాదాపుగా ఉండదు, పంచదార, కోకో రేణువులు కొవ్వులో తేలుతుంటాయి. నాలుగు చుక్కల నీళ్లు పడితే పంచదార తడిసి రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కడుతుంది. ఆ ముద్ద మళ్లీ పూతకు పనికిరాదు. పారేయకండి, వేడి పాలు కలిపితే దోశెలోకి మంచి చాక్లెట్ సాస్.

కరిగిన చాక్లెట్‌ను పొడవాటి స్టీలు గ్లాసులోకి వంచుకోండి. వెడల్పు గిన్నెలో అయితే ఉండ మునగడానికి రెట్టింపు చాక్లెట్ కావాలి. ఉండను నిలువుగా ముంచి పైకి తీయాలి, తిప్పకూడదు. తీశాక పుల్ల పట్టుకున్న చేతిని రెండో చేత్తో మెల్లగా తట్టితే అదనపు చాక్లెట్ కారిపోతుంది. చల్లటి ఉండ మీద పూత ఒకటి రెండు నిమిషాల్లో బిగుస్తుంది, కొబ్బరి పొడైనా స్ప్రింకిల్స్ అయినా ఆ లోపే చల్లాలి. నిలబెట్టడానికి థర్మకోల్ కొనవద్దు. గిన్నె నిండా బియ్యం పోసి గుచ్చండి, సగానికి కోసిన సొరకాయ కూడా సరిపోతుంది. అదీ వద్దనుకుంటే బటర్ పేపర్ మీద ఉండ కిందికి, పుల్ల పైకి వచ్చేలా పెట్టేయండి. అడుగు చదునవుతుంది, డబ్బాలో దొర్లకుండా కూర్చుంటుంది. బస్సు పిల్లలకు నేను చెప్పేది ఇదే.

పుల్లలు కాగితంవి గానీ వెదురువి గానీ తీసుకోండి. ప్లాస్టిక్ క్యాండీ పుల్లలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. వెదురు పుల్లకు మొన ఉంటే కత్తిరించండి. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు పుల్ల వద్దే వద్దు. పరుగెడుతూ తింటారు, పడితే ప్రమాదం. వాళ్లకు పేపర్ కప్పులో చిన్న ఉండ, అదీ గింజలు లేకుండా.

ఇలా కప్పులో పెట్టే ఉండలు మార్చి దాటాక పెద్దపిల్లలకూ మంచివే. ఆ నెలల్లో చాక్లెట్ పూత జోలికి వెళ్లకుండా కొబ్బరి పొడిలో దొర్లించి పంపండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పూత నిలుస్తుంది. అప్పుడైనా స్టీలు డబ్బాను ముందురోజు రాత్రి ఖాళీగా ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున తడి తుడిచి పాప్స్ సర్ది, గడ్డకట్టిన నీళ్ల బాటిల్‌తో కలిపి తువ్వాలులో చుడితే లంచ్ దాకా ఢోకా ఉండదు. పాల మీగడతో చేసినవి మాత్రం బ్యాగులో పెట్టి పంపవద్దు, అవి ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసి తినడానికే.

తీపి లెక్క కూడా చూద్దాం. ప్యాకెట్ల మీది అంకెలతో వేసుకుంటే ఒక్కో పాప్‌లో సుమారు 11 గ్రాముల పంచదార తేలింది, దాదాపు మూడు టీ స్పూన్లు. సీబీఎస్‌ఈ 2025 మేలో స్కూళ్లలో షుగర్ బోర్డులు పెట్టమని ఇచ్చిన సర్క్యులర్‌లో, 4 నుంచి 10 ఏళ్ల పిల్లలు తీసుకునే కేలరీల్లో 13 శాతం పంచదార నుంచే వస్తోందని, అది 5 శాతం దాటకూడదని ఉంది. రోజుకు 1500 కేలరీలు తినే పిల్లకు 5 శాతమంటే 19 గ్రాములు. అంటే ఒక్క పాప్‌తోనే సగం కోటా దాటుతుంది. ఒకరికి ఒకటి, పుట్టినరోజుకు మాత్రమే. “ఇంకొకటి ఉంచు టీచర్” అన్నా మేం ఇవ్వం, మీరూ ఎక్కువ పంపకండి.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైనది. వేరుశెనగ, జీడిపప్పు, నువ్వులు, గుడ్డు, పాలు, గోధుమ, వీటిలో ఏదో ఒకటి పడని పిల్లలు ఏ సెక్షన్‌లోనైనా ఉండవచ్చు. మిల్లెట్ బిస్కెట్లలోనూ గోధుమ పిండి కలిసి ఉండవచ్చు. పంపే రెండు రోజుల ముందు క్లాస్ టీచర్‌కు ఫోన్ చేసి అడగండి. ఏమేం వేశారో చిన్న స్లిప్ మీద రాసి డబ్బా మూతకు అంటించండి. బిస్కెట్, కాంపౌండ్ రేపర్లు వెనక జాబితా కనిపించేలా కవర్‌లో పెట్టి పంపితే ఇంకా మేలు. ఆ స్లిప్‌ను మీ అమ్మాయితోనో అబ్బాయితోనో ఇంగ్లిష్‌లో రాయించండి, స్పెల్లింగులు నేను దిద్దుతాను. పేరు, సెక్షన్ కూడా రాయించడం మరిచిపోకండి. ఒకే రోజు రెండు పుట్టినరోజులు వచ్చినప్పుడు డబ్బాలు తారుమారవుతున్నాయి.