గ్యాసేనా, గుండెనొప్పా?

క్రిందటేడు ఓ మధ్యాహ్నం మా పెద్దొదిన పప్పు పోపు పెడుతూ, "ఏమిటో అమ్మాయీ, చెమటలు పోస్తున్నాయి, దవడ లాగేస్తోంది" అంది. గ్యాసేమోనని వాము నమిలింది, సోడా తాగింది. అందరికీ వడ్డించాక గానీ నడుం వాల్చలేదు. సాయంత్రం ఇ.సి.జి. తీస్తే గుండెపోటని తేలింది! బతికింది గానీ, ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసమే.

ఒళ్ళంతటికీ రక్తం పంపే గుండెకి కూడా రక్తం కావాలి కదండీ. అది దాని పైన అల్లుకున్న సన్నని ధమనుల ద్వారా అందుతుంది. ఏళ్ళ తరబడి వాటి గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. ఓనాడు ఆ పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే, ఆ మేరకు గుండె కండరం చచ్చిపోవడం మొదలవుతుంది.

సినిమాల్లోలా ఛాతీ పట్టుకుని కూలిపోతేనే గుండెపోటనుకుంటాం. ఆడవాళ్ళకీ ఛాతీలో బరువే ముఖ్య లక్షణం. కానీ దాంతోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వికారం, వీపులోనో దవడలోనో నొప్పి, ఎన్నడూ లేని నీరసం మగవాళ్ళకంటే మనలో ఎక్కువ. చక్కెర వ్యాధి ఉంటే నొప్పే తెలియకపోవచ్చు. ముట్లుడిగాక ముప్పు పెరుగుతుంది, బి.పి. కూడా ఉంటే మరీను.

ఇలాంటివి అయిదు నిమిషాల్లో తగ్గకపోతే వాము డబ్బా వెతక్కండి, 108కి ఫోన్ చెయ్యండి. మూసుకున్న దారి ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం దక్కుతుంది. మొదటి ఇ.సి.జి. బాగానే ఉందన్నా ఇంటికి వచ్చెయ్యకండి, ట్రోపోనిన్ రక్తపరీక్ష సంగతి అడగండి. మీరు వాడే మాత్రల చీటీ ఎక్కడుందో పిల్లలకి ఇవాళే చూపించండి.