ఫలక్‌నుమా రాజప్రాసాదం – పూర్వాపరాలు

హైదరాబాద్ : చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, గుట్టపై 32 ఎకరాల విస్తీర్ణంలో వెలసిన ఫలక్‌నుమా ప్యాలెస్ నేడు దేశంలోని ప్రముఖ విలాసవంతమైన హోటళ్లలో ఒకటి. ఉర్దూలో ఫలక్‌నుమా అనగా ఆకాశ దర్పణమని అర్థం చెప్పుదురు.

ఈ భవనాన్ని నిజాం ప్రభువే నిర్మించెనని పత్రికలలో తరచు వ్రాయబడుచున్నది. ఇది సరికాదు. పాయెగా వంశీయుడు, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు బావ, అనంతర కాలంలో సంస్థాన ప్రధానమంత్రి అయిన నవాబ్ వికారుల్ ఉమ్రా తన నివాసం నిమిత్తం 1884 మార్చి 3న శంకుస్థాపన గావించినారు. తేలు ఆకారంలో దీని నమూనాను రూపొందించినవారు ఆంగ్లేయ వాస్తుశిల్పి విలియం వార్డ్ మారెట్. నిర్మాణానికి దాదాపు దశాబ్దకాలం పట్టినది. 1897 ప్రాంతంలో భవనం నిజాం పరమైనది. అందుకు చెల్లించిన మూల్యంపై పలు కథనాలున్నవి. వాటిని కథనాలుగానే గ్రహించుట మేలు.

తదుపరి ఇది రాజ అతిథిగృహంగా ఉపయోగపడినది. 1951లో ఆనాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ఇచ్చట బస చేసినారు. ఆ పిమ్మట భవనం మూతపడి, దశాబ్దాల తరబడి నిరాదరణకు గురైనది. 1971లో రాజభరణాలు రద్దగుటతో ఇంతటి కట్టడాల పోషణ పూర్వ రాజవంశాలకు పెనుభారమైనది. జయపురంలోని రాంబాగ్ 1957లోను, ఉదయపూర్ సరస్సు మధ్యనున్న ప్యాలెస్ 1963లోను హోటళ్లుగా మారి అప్పటికే ఒక మార్గం చూపినవి.

ఫలక్‌నుమా పునరుద్ధరణను తాజ్ గ్రూపు 2000 సంవత్సరంలో చేపట్టగా, ముకరంజా పూర్వ సతీమణి యువరాణి ఎస్రా పనులను స్వయంగా పర్యవేక్షించినారు. పాలరాతి సోపానాలు, విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని పోలిన గ్రంథాలయపు చెక్క పైకప్పు, ఒకేసారి 101 మంది కూర్చుండి భుజింపగల బల్ల పూర్వ శోభను సంతరించుకొన్నవి. కొత్త కట్టడమైనచో ఇందులో సగం కాలమైనా పట్టియుండదు. 2010 నవంబరులో హోటల్ ప్రారంభమైనది. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ప్రతినిధులకు ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ఇచ్చటనే విందు ఇచ్చినారు.

అయితే ఇదే కుటుంబానికి చెందిన చౌమహల్లా ప్యాలెస్ వేరొక దారి పట్టినది. అది ప్రదర్శనశాలగా రూపొంది, 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారం పొందినది. అచ్చట ప్రవేశ రుసుము చెల్లించిన ప్రతివారూ దర్బారు మందిరంలో అడుగిడవచ్చును. ఫలక్‌నుమాలో ఆ వెసులుబాటు లేదు. హోటల్ అతిథులకు, ముందస్తు ఏర్పాటుతో వచ్చువారికి మాత్రమే ప్రవేశం. పరిరక్షణకు ధనం సమకూరినది గాని, గుట్ట క్రింది పాతనగర వాసులలో అనేకులకు ఆ భవనం నేటికీ దూరం నుండి చూడదగినదిగానే మిగిలినది. వారసత్వ కట్టడాల వినియోగంపై ప్రతిపాదనలు పరిశీలించు అధికారులు ఈ రెండు ప్యాలెస్‌లనూ స్వయంగా దర్శించుట ఉపయుక్తం.