ఆకాశంలో నిలిచే రంగు

వరంగల్ శివారు మామునూరులో నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు ఆగిపోయినా ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లు అక్కడ గ్లైడర్లతో పాటు ఏరోమోడలింగ్ కూడా నేర్చుకున్నారు. ఇంజినీరింగ్ కాలేజీలకు పేరుపడ్డ హనుమకొండలో బాల్సా చెక్క, థర్మాకోల్‌తో రిమోట్ విమానాలు కట్టే సరదా కుర్రకారుకు కొత్తేమీ కాదు. మోటారు, బ్యాటరీ, సర్వోల గురించి గంటలు గంటలు చర్చిస్తారు. రంగు మాత్రం చివర్లో, చేతికి దొరికిన టేపును బట్టి తేలిపోతుంది. విమానం నేలకూలాక గానీ ఆ సంగతి గుర్తుకు రాదు.

మీటరున్నర రెక్కలున్న విమానం 170 మీటర్ల దూరం వెళ్లిందంటే నిండు చందమామంత వెడల్పుగానే కనిపిస్తుంది. మామూలు చూపున్న మనిషి వంద మీటర్ల దూరంలో సుమారు 3 సెంటీమీటర్ల కన్నా సన్నటి గీతను విడిగా పోల్చుకోలేడు. కాబట్టి గంటల తరబడి అంటించిన సన్న చారలు, అక్షరాలు, మంటల బొమ్మలు బల్ల మీద ఫొటోకే పనికొస్తాయి. పైకి లేచాక చారలు కనీసం అరచేతి వెడల్పుంటేనే లెక్క.

దూరం పెరిగేకొద్దీ రంగులు కూడా మోసం చేస్తాయి. చిన్నగా కనిపించే వస్తువు మీద పసుపు తెలుపులో, నీలం నలుపులో కలిసిపోతుంది. చివరికి మిగిలేది వెలుగు నీడల తేడాయే. బ్రిటన్ వాయుసేన శిక్షణ విమానాలకు ఒకప్పుడు పసుపు, తర్వాత ఎరుపు తెలుపు వేసేది. 1990లలో ఏ రంగు బాగా కనబడుతుందో పరీక్షించి చూసి, హాక్, టుకానో విమానాలకు నిగనిగలాడే నలుపు పూసింది. ఆకాశం తెల్లగా ఉంటే నల్లటి ఆకారం ఇట్టే కంటికి ఆనుతుంది మరి.

అయితే విమానం కనబడితే సరిపోదు, అది ఎటు తిరిగి ఉందో తెలియాలి. అసలు చిక్కంతా ఇక్కడే. విమానం మనకు ఎదురుగా వస్తున్నప్పుడు స్టిక్ కుడికి నొక్కితే అది మన ఎడమ వైపు వంగుతుంది. వస్తోందో పోతోందో తెలియక రెండు క్షణాలు తికమకపడ్డా చాలు, విమానం పొలంలో ఉంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు రెక్కల పైభాగానికి ఒకే ముదురు రంగు వేసి, అడుగున నలుపు తెలుపు వెడల్పాటి చారలో, పెద్ద గళ్లో వేస్తారు. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు మిత్రరాజ్యాలు తమ విమానాలకు ఇలాంటి చారలే వేశాయి. ఒంటి ఇంజిన్ విమానాల మీద ఒక్కో చార వెడల్పు 18 అంగుళాలు. తమవాళ్లే పొరపాటున కూల్చేయకుండా ఆ ఏర్పాటు. ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ వేసేవాళ్లూ ఉన్నారు గానీ దూరానికి రెండూ ఒకేలా మసకబారతాయి. పైగా మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఆ రెండు రంగుల తేడా సరిగ్గా తెలియదు.

వేళను కూడా చూసుకోవాలి. సంక్రాంతి రోజుల పొగమంచులో తెల్ల విమానం మాయమైపోతుంది. వానాకాలపు మబ్బుల కింద బూడిద రంగుదీ అదే గతి. యుద్ధ విమానాల నమూనాలకు అచ్చం అసలు రంగులే వేసేవాళ్ల తెగువను మెచ్చుకోవాల్సిందే, కనబడకుండా ఉండటానికే కదా ఆ రంగులు పుట్టింది! పగటి వెలుగులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చ కాంతిని బాగా పట్టుకుంటుంది. చీకటి పడేకొద్దీ ఆ పట్టు 507 వైపు, అంటే నీలిపచ్చ వైపు జరుగుతుంది. మధ్యాహ్నం ధగధగలాడిన ఎరుపు పొద్దుగూకాక నల్లబడేది అందుకే.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం సరదాకో చదువుకో ఎగరేసే 25 కిలోల లోపు నమూనాలను కంటిచూపు మేరలోనే నడపాలి. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది కాబట్టి, ఆ చుట్టుపక్కల ఎగరేసేవాళ్లు డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో తామున్న చోటు ఏ జోన్‌లోకి వస్తుందో ముందే చూసుకోవాలి.

కొత్త విమానానికి టేపు అంటించే ముందు ఒక పని చేయొచ్చు. స్నేహితుడి చేతికిచ్చి మైదానం అవతలి కొసకు పంపి, అటూ ఇటూ వంచి తిప్పమనాలి. పైభాగమేదో అడుగేదో చెప్పలేకపోతే రంగు మార్చాల్సిందే. తోక మీద మాత్రం టేపు తక్కువ వాడాలి. అక్కడ పెరిగే ప్రతి గ్రాముకూ ముక్కు దగ్గర అంతకు రెండు మూడింతలు బరువు కట్టాల్సి వస్తుంది.