విసిరినన్నాళ్లే కొలువు

ఏప్రిల్‌ 15 వచ్చిందంటే బోగోలు మండలం జువ్వలదిన్నెలో మర బోట్లు ఒడ్డెక్కాల్సిందే. జూన్‌ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. పనిలేని ఆ రోజులకు సర్కారు భృతి ఇస్తుంది. 2025లో దాన్ని పది వేల నుంచి 20,000 రూపాయలకు పెంచారు. సరిపోతుందని ఏ మత్స్యకారుడూ అనడు. అయినా, వేట లేకున్నా పొయ్యి వెలగాలని ఒప్పుకున్న సొమ్ము అది. అమెరికాలో చిన్న లీగుల బేస్‌బాల్‌ ఆటగాళ్లకు ఆ ఒప్పుకోలు కూడా ఏళ్ల తరబడి దక్కలేదు.

వాళ్లలో మన దేశపు కుర్రాళ్లూ ఇద్దరున్నారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్‌, దినేష్‌ పటేల్‌. ఇద్దరూ జావెలిన్‌ విసిరేవాళ్లు, బేస్‌బాల్‌ ముఖం ఎరగరు. 2008లో ‘మిలియన్‌ డాలర్‌ ఆర్మ్‌’ అనే టీవీ పోటీకి 37 వేల మందికి పైగా వచ్చి బంతి విసిరితే, వీళ్లిద్దరూ నెగ్గుకొచ్చారు. మొదటి స్థానం రింకూది, బహుమతి లక్ష డాలర్లు. లాస్‌ ఏంజెలెస్‌లో కోచ్‌ టామ్‌ హౌస్‌ దగ్గర నెలల తరబడి సాధన చేశాక, నవంబరులో పిట్స్‌బర్గ్‌ పైరేట్స్‌ జట్టు ఇద్దరితోనూ సంతకాలు చేయించుకుంది. 2009 జులై 4న బరిలో దిగారు. అదే నెల 13న రింకూ ఖాతాలో గెలుపు పడింది. భారత పౌరుడొకరు ప్రొఫెషనల్‌ బేస్‌బాల్‌లో మ్యాచ్‌ గెలిపించడం అదే మొదలు. 2014లో డిస్నీ వాళ్లు సినిమా తీశారు, సంగీతం రెహమాన్‌ది. సంతకాలతో ఆ సినిమా సంబరం ముగుస్తుంది. అసలు తిప్పలు మొదలయ్యేది ఆ తర్వాతే!

బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌కు పరుగు ఉండదు. మట్టిదిబ్బ మీద తెల్ల రబ్బరు పలకకు కాలు ఆనించి, 108 కుట్ల బంతిని వేళ్ల మధ్య సర్దుకుని, 60 అడుగుల 6 అంగుళాల దూరానికి విసరాలి. పరుగు ఊపుతో ఈటె విసరడానికి అలవాటైన ఒంటికి ఇది మొత్తం కొత్త. భారమంతా మోచేతి మీదే. అక్కడి లిగమెంటు తెగితే మణికట్టు నుంచో తొడ నుంచో టెండన్‌ తీసి అతుకుతారు. కోలుకునేసరికి ఏడాది దాటుతుంది.

ఇంత చేసినా అప్పట్లో జీతం సీజన్‌ నడిచిన నెలలకే ఉండేది. వీళ్లు మొదట ఆడిన గల్ఫ్‌ కోస్ట్‌ లీగు జూన్‌ ఆఖర్లో మొదలై ఆగస్టుతో ముగిసేది. వసంత కాలం శిక్షణకు భోజన భత్యమే, జీతం ఉండేది కాదు. చలికాలంలో ఎవరి బతుకు వారిదే. ప్రొఫెషనల్‌ అన్న పిలుపు మాత్రం ఏడాది పొడవునా ఉండేది.

దినేష్‌ను 2010 డిసెంబరులో పైరేట్స్‌ వదిలేసింది. రెండు సీజన్లతో ఆ కొలువు తీరిపోయింది. రింకూ ఇంకొన్నాళ్లు నిలిచి, గాయాలతో ఆట ఆగిపోయాక 2018లో కుస్తీ వైపు మళ్లాడు. డబ్ల్యూడబ్ల్యూఈ చూసే పిల్లలకు అతను వీర్‌ మహాన్‌గా పరిచయమయ్యాడు.

ఆటగాళ్లను వదిలేశారని జట్టును తప్పుపట్టలేం. ఆటలో అది మామూలే. ఉంచుకున్నన్నాళ్లయినా పొట్ట నిండా పెట్టకపోవడమే అన్యాయం. అది చాలదన్నట్టు, 2018లో అమెరికా కాంగ్రెస్‌ వీళ్లను ఓవర్‌టైం రక్షణ నుంచి తప్పిస్తూ చట్టం కూడా చేసింది. చివరికి జీతాల కోసం ఆటగాళ్లు వేసిన దావా 2022లో 18.5 కోట్ల డాలర్లతో రాజీకి వచ్చింది. ఆ ఏడే ఆటగాళ్లు యూనియన్‌లో చేరారు. 2023లో కుదిరిన ఒప్పందంతో అట్టడుగు లీగులో ఏడాది కనీస జీతం 4,800 డాలర్ల నుంచి 19,800కు పెరిగింది. అప్పటికి దినేష్‌ జట్టు వదిలి పన్నెండేళ్లు దాటింది.