వాషింగ్టన్ స్తంభం చుట్టూ ఆ ఖాళీ గడ్డి ఏం చేయాలి? జనాన్నే అడిగారు!

ఈరోజు టాపిక్ కొంచెం వింతగా అనిపించొచ్చు. స్తంభం గురించి కాదు, స్తంభం చుట్టూ ఉన్న గడ్డి గురించి.

జాబ్‌లో ఉన్నప్పుడు ఆన్‌సైట్ అని మూడు నెలలు వర్జీనియాలో ఉన్నాను. జులైలో ఒక శనివారం నేనూ, నా రూమ్మేటూ మెట్రోలో స్మిత్‌సోనియన్ స్టేషన్‌లో దిగి వాషింగ్టన్ మాన్యుమెంట్ చూడ్డానికి వెళ్ళాం. ఎదురుగా 555 అడుగుల తెల్లటి రాతి స్తంభం. దాని చుట్టూ జెండాలు, ఆ తర్వాత అంతా గడ్డి. నెత్తిన ఎండ మాడిపోతోంది. సెల్ఫీ తీసుకున్నాం, ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. "ఇంతేనా రా?" అన్నాడు వాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది.

తర్వాత తెలిసింది, ఇదే ప్రశ్న అక్కడివాళ్ళు కూడా అడిగారని. 2010లో వాషింగ్టన్ మాన్యుమెంట్ మైదానం మీద ఒక జాతీయ ఐడియాల పోటీ పెట్టారు. ప్రభుత్వం పెట్టింది కాదు. ఈ స్థలం గురించి పట్టించుకునే కొంతమంది కలిసి పెట్టుకున్నది. ఆర్కిటెక్ట్ లైసెన్స్ అక్కర్లేదు. ఈ నేల ఎలా ఉంటే బాగుంటుందో మీరే చెప్పండి అన్నారు. వందల్లో ఎంట్రీలు వచ్చాయి.

అసలు అడగాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ మైదానం ఎప్పుడూ పూర్తి కాలేదు కాబట్టి. మనం రిలీజ్ చేసేసి మర్చిపోయిన మాడ్యూల్ ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట. రాబర్ట్ మిల్స్ మొదట గీసిన డిజైన్‌లో స్తంభం కింద చుట్టూ పెద్ద స్తంభాల మండపం ఉంది. స్తంభం పని 1848లో మొదలైంది. డబ్బులు, రాజకీయాలు, తర్వాత అంతర్యుద్ధం... మొత్తానికి 1854 నుంచి పాతికేళ్ళు దాదాపు 150 అడుగుల దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ చూస్తే ఆ ఎత్తు దగ్గర రాయి రంగు మారుతుంది, ఎందుకంటే పైభాగానికి వేరే క్వారీ రాయి వాడారు. 1884లో పూర్తి చేశారు కానీ కింద మండపం మాత్రం రాలేదు. 1902లో మెక్‌మిలన్ కమిషన్ అక్కడ మెట్లు, దిగువ తోట ప్లాన్ చేసింది. తవ్వితే పునాది కదులుతుందని ఇంజినీర్లు భయపడ్డారు, అదీ ఆగింది. అసలు స్తంభమే అనుకున్న చోట లేదు. నేల మెత్తగా ఉందని పక్కకి జరిపి కట్టారు. అనుకున్న చోటుకి గుర్తుగా దాదాపు 390 అడుగుల దూరంలో ఒక చిన్న రాయి ఉంది, జెఫర్సన్ పియర్ అంటారు. మేం దాని పక్కనుంచే నడిచి వెళ్ళాం, మాకేం తెలుసు!

సరే, పోటీకి వద్దాం. మీకు డౌట్ వస్తుంది: ఇలా అడిగితే ఏమైనా కడతారా? ఈ పోటీలో కట్టడం అనే మాటే లేదు. ఐడియాలు మాత్రమే. యాప్‌లో "మీ సలహా రాయండి" బాక్స్ ఉంటుంది కదా, అవతల ఎవరైనా చదువుతున్నారో లేదో తెలీదు. నాకు ముందు అలాగే అనిపించింది.

కానీ అక్కడి నుంచి లింకన్ మెమోరియల్ వైపు నడుచుకుంటూ వెళ్తే వియత్నాం గోడ వస్తుంది. అది కూడా ఓపెన్ పోటీలో పుట్టిందే. 1981లో 1,421 ఎంట్రీలు వచ్చాయి. అన్నిటి మీదా నంబర్లే, పేర్లు లేవు. జడ్జిలు ఎంచుకున్నది 1026. కవర్ విప్పి చూస్తే మాయా లిన్, యేల్‌లో చదువుతున్న 21 ఏళ్ళ అమ్మాయి. పేరు కనబడి ఉంటే ఆ ఎంట్రీ ముందుకి వెళ్ళేదా? నాకు నమ్మకం లేదు. గెలిచాక ఆమె మీద పడ్డ గొడవ చూస్తే అసలే లేదు. ఐనా 1982కల్లా గోడ లేచింది. తేడా ఏంటంటే, పోటీకి ముందే కాంగ్రెస్ స్థలం ఇచ్చేసింది, విరాళాలు వస్తున్నాయి. అంటే అడిగినవాళ్ళ చేతిలో కట్టే దారి ఉంది.

ఇక్కడ నా గురించి ఒకటి ఒప్పుకోవాలి. ఆ శనివారం నన్ను అడిగి ఉంటే ఏం రాసేవాడినో తెలుసా? చుట్టూ చెట్లు, ఫౌంటెన్, ఒక ఫుడ్ కోర్ట్. ఒక్క ఇంచు ఖాళీ వదిలేవాడిని కాదు. 1963 ఆగస్టు 28 గురించి అప్పటికి నేను సరిగ్గా చదవలేదు. పౌరహక్కుల మార్చ్ కోసం ఆ పొద్దున జనం పోగైంది ఈ గడ్డి మీదే. ఇక్కడి నుంచే లింకన్ మెమోరియల్‌కి నడిచారు. ఆ రోజు మొత్తం దాదాపు రెండున్నర లక్షల మంది. నా ఫుడ్ కోర్ట్ అక్కడ ఉంటే వాళ్ళెక్కడ నిలబడతారండీ? మేం "ఏమీ లేదు" అనుకున్నామే, ఆ ఏమీ లేకపోవడానికే అక్కడ పని ఉంది. అందుకే జనాన్ని పిలిచేటప్పుడు "ఏం కావాలి" అని మాత్రమే అడిగితే నాలాంటివాడు ఫుడ్ కోర్టే రాస్తాడు. ఈ నేల ఇప్పటిదాకా ఎవరికి ఎలా పనికొచ్చిందో ముందు చెప్పి, అప్పుడు అడగాలి. రిక్వైర్‌మెంట్స్ తెలీకుండా కోడ్ రాస్తే ఏమవుతుందో మనకి తెలిసిందేగా.

అలాగని ముట్టుకోవద్దనీ కాదు. ఒకప్పుడు సెక్యూరిటీ కోసం స్తంభం చుట్టూ కాంక్రీట్ బారియర్లు పెట్టారు, చూడ్డానికి రోడ్డు పని జరుగుతున్నట్టు ఉండేది. 2005కల్లా వాటి బదులు పొట్టి గ్రానైట్ గోడలు మెలికలుగా కట్టారు. కారు దూసుకురాలేదు. మనుషులు హాయిగా కూర్చుంటారు. మేం వాటర్ బాటిల్ తాగింది ఆ గోడ మీద కూర్చునే, అది సెక్యూరిటీ గోడ అని కూడా తెలీదు.

ఇప్పుడైతే నా ఎంట్రీ చిన్నది. మైదానం మధ్యలో ఏమీ పెట్టను. అంచుల్లో నీడ, ఆ జెఫర్సన్ పియర్ దాకా నేల మీద ఒక గీత, అనుకున్న చోటుకీ కట్టిన చోటుకీ మధ్య నడిచి చూసేలా. మిల్స్ మండపం ఎంత మేర వచ్చేదో గడ్డిలో రాళ్ళతో ఒక గుర్తు. అంతే.

ఈ స్క్రిప్ట్ మా రూమ్మేట్‌కి పంపాను. "అంతా బానే ఉంది గానీ, మంచినీళ్ళ కుళాయి ఎక్కడ రా?" అని రిప్లై పెట్టాడు. కరెక్టే, మర్చిపోయా.